బుల్లి దొర పేరు

బిబిసారా చాయ్ తాగడానికని అలా పది నిమిషాలు వెళ్ళొచ్చేసరికి ఆల్మటీ ఆసుపత్రిలో ఆవిడ కొడుకు పేరు మారిపోయింది.

రక్తం తీసే గదిలో తొమ్మిదేళ్ళ మిరాస్ చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. పక్కన కోడలు గౌహర్ తలగుడ్డ సర్దుకుంటూ నిలబడింది. సూది గుచ్చే పిల్ల దిల్నాజ్ వాడి చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెడుతోంది. అలా చేస్తే నరం పైకి తేలుతుంది, ఒక్క పోటుతో పనైపోతుంది. ఆసుపత్రి మొత్తంలో అంత ఓపిక ఉన్నది ఆ పిల్లకొక్కదానికే. బల్లమీద సిద్ధంగా పెట్టిన గాజుగొట్టం మీద మాత్రం గుండ్రటి అక్షరాలతో 'బుల్లి దొర' అని రాసి ఉంది.

"ఎవరే ఈ బుల్లి దొర?" అంది బిబిసారా.

"మీ కోడలుగారే చెప్పారు పెద్దమ్మా. పిల్లాడి పేరేంటండీ అంటే బుల్లి దొర గారండీ అన్నారు. ఉంటుందేమోలే అని రాసేశాను. బయట ఇంకా పదిహేనుమంది ఏడుస్తున్నారు మరి."

మిరాస్ పకపకా నవ్వాడు. "మా వదినకి నా పేరు రాదక్కా! ఎప్పుడూ అలాగే పిలుస్తుంది."

గౌహర్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, ఆవిడ తప్పేముంది? అత్తింటివాళ్ళ పేర్లు కోడలి నోట రాకూడదు, మొగుడి తమ్ముడి పేరు అసలు రాకూడదు. మామగారి పేరు తెమిర్, అంటే ఇనుము. ఆయన పోయి నాలుగేళ్ళయినా గౌహర్ ఇవాళ్టికీ ఇనప బకెట్టుని 'తుప్పుపట్టేదాని బకెట్టు' అనే అంటుంది. ఇంత మర్యాద తెలిసిన కోడలు జిల్లాలోనే లేదని పదిమందికీ చెప్పుకు తిరిగే బిబిసారాకి ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

"ఆసుపత్రిలో కూడా ఏం మర్యాదే, నీ మర్యాద తగలెయ్య! రాయమ్మా. మిరాస్. మిరాస్ తెమిరోవ్."

దిల్నాజ్ చీటీ చించి కొత్తది అంటించింది. తర్వాత బిబిసారాకీ, ఆవిడ పెద్దకొడుకు, అంటే గౌహర్ మొగుడు, దార్ఖాన్‌కీ రక్తం తీసింది. ఒక్కో గొట్టం మీదా పేరు రాసి, పేరు కింద వరస రాసింది. తల్లి. అన్న. ఆ రెండు మాటలూ చదువుకుని బిబిసారా దగ్గింది. ముప్ఫయ్యేళ్ళు గొర్రెల దొడ్లో మింగిన దుమ్ము ఆవిడకి ఇబ్బంది కలిగినప్పుడల్లా గొంతులో లేచి కూర్చుంటుంది.

మధ్యాహ్నం రౌషన్ డాక్టరు ఆవిణ్ణి గదిలోకి పిలిచింది. డాక్టరు మనిషి పొట్టి, మాట సూటి.

"వీడి ఎముకల్లో ఉన్న మజ్జ చెడ్డరక్తం తయారుచేస్తోంది పెద్దమ్మా. మందులతో ఒకసారి అణిచాం, తిరగబెట్టింది. మళ్ళీ అణిచాం. మూడోసారి లేవకముందే మంచి మజ్జ ఎక్కించాలి. ఎక్కించాలంటే ముందు పాతదాని పొగరు అణచాలి. మామూలుగా అయితే బండమందులిచ్చి మాడ్చేస్తాం. కానీ పోయినసారి మందులకే వీడి గుండె డీలాపడింది. మళ్ళీ అవే ఇస్తే తట్టుకోలేడు."

"మరెలాగమ్మా?"

"మెత్తని పద్ధతి ఒకటుంది. మందు తక్కువ. పాత మజ్జ చావక్కర్లేదు, కొత్తదాన్ని తన్ని తరమకుండా ఉంటే చాలు. మిగతా పని కొత్తదే మెల్లమెల్లగా చేసుకుంటుంది. పిల్లాడి ఎదుగుదల దెబ్బతినే భయమూ తక్కువే. కానీ వీడి విషయంలో అచ్చుగుద్దినట్టు సరిపోయే మజ్జ దొరికితేనే నేను సాహసం చేస్తాను. సగం సగం కలిస్తే చెయ్యను."

బిబిసారా ముఖం విప్పారింది. "ఇంతేనా! గొర్రెకి పరాయి పిల్లను అలవాటు చేసినట్టేగా?"

"గొర్రెకా?"

"గొర్రె పిల్ల చచ్చిపోయిందనుకో. తల్లిలేని పిల్లనొకదాన్ని తెచ్చి దాని పొదుగు కింద పెడతాం. తంతుంది. మొద్దువెధవలు కర్రతో బాదుతారు. బాదితే ఏమవుతుంది, పాలు ఎండిపోతాయి. నేనైతే చచ్చిన పిల్ల తోలు దీని వీపున కప్పి, పక్కన కూచుని కూనిరాగం తీస్తాను. వాసన కలిసిందా, రెండ్రోజుల్లో దానంతటదే నాకడం మొదలెడుతుంది."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఒక్కడికీ ఎక్కలేదు. ఇకనుంచి గొర్రెతో మొదలెడతాను. అదే పెద్దమ్మా, వాసన కలవాలి. అది ఎక్కువగా తోబుట్టువుల్లో దొరుకుతుంది. ఒకే తల్లి, ఒకే తండ్రి. దార్ఖాన్ కాకుండా మీకింకెవరైనా ఉన్నారా?"

బిబిసారా నోరు తెరిచి మూసింది. "లేరు. ఒక మనవరాలుంది, బాల్జాన్ అని, ఆరేళ్ళది. దార్ఖాన్ కూతురు."

"అన్న కూతురు కలవడం కష్టం. పసిపిల్లని ఊరికే ఎందుకు పొడవడం?"

"అవునవును. ఎందుకూ పొడవడం?" అని బిబిసారా దగ్గింది.

గుమ్మం దగ్గర గౌహర్ చాయ్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. ఫ్లాస్కు మూతని బిగిస్తూనే ఉంది. అది ఎప్పుడో బిగిసిపోయింది, ఇంకా బిగిస్తూనే ఉంది.

మా వైపు మొదటి మనవడు నానమ్మ సొత్తు. పుట్టిన నలభయ్యో రోజున బిబిసారా మిరాస్‌ని రొమ్ముకి హత్తుకుని "వీడు నా కొడుకు" అంది, కాగితాల్లోనూ అలాగే రాయించింది. నలభై తొమ్మిదేళ్ళకి కన్నారా అని ఈ ఆసుపత్రివాళ్ళు నోళ్ళు వెళ్ళబెడితే, "గుర్రం పాలు తాగిన ఒళ్ళమ్మా నాది!" అని గొప్ప కూడా పోయింది. కన్నతల్లి వదిన అయింది, కన్నతండ్రి అన్నయ్య అయ్యాడు. ఊళ్ళో గొర్రెలతో సహా అందరికీ తెలుసు. వాడికొక్కడికే తెలీదు. తెలిస్తే ఎక్కడ తనని నానమ్మా అంటాడోనని బిబిసారాకి తొమ్మిదేళ్ళుగా గుండెల్లో గుబులు. దార్ఖాన్ రక్తమే పూర్తిగా కలిసిపోతే ఇదంతా ఎత్తాల్సిన పనే ఉండదని ఆవిడ ఆశ. దేవుడికి ఆ మాత్రం దయ ఉండదా?

గురువారం నాడు బిబిసారా డాక్టరు గది బయట బెంచీమీద కూర్చుంది. పై కోటు చేతిమడతలో కుర్త్ దాచుకుని, ఆ ఉప్పటి ఎండుపెరుగు ఉండల్ని నర్సు కన్నుగప్పి మిరాస్‌కి ఎలా చేర్చాలా అని ఎత్తులు వేస్తోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలినుంచి డాక్టరు గొంతు ఖంగుమంది.

"అన్న సగం కలిశాడు, సరే. తల్లి అసలు కలవకపోవడమేంటి? కన్నతల్లి రక్తం బిడ్డతో సగమైనా కలిసి తీరాలి! ఆ పెద్దావిడ అబద్ధం చెప్పదు కదా, గొట్టాలు నువ్వే తారుమారు చేశావు."

"లేదు డాక్టర్. ఒక్కొక్కటే రాసి, ఒక్కొక్కటే..."

"మొన్న 'బుల్లి దొర' అని రాసింది నేనా?"

దిల్నాజ్ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "పెద్దమ్మా, ఏమనుకోకండి, మీకు ఇంకోసారి సూది గుచ్చాలి. నావల్లే పొరపాటు జరిగిందట" అంది.

ఎప్పుడూ ఒక్క పోటుతో పని కానిచ్చే పిల్ల ఆ రోజు మూడుసార్లు పొడిచింది. గొట్టంమీద పేరు రాసి, బిబిసారా కళ్ళముందు పెట్టింది. "మీరే చదవండి పెద్దమ్మా. సరిగ్గానే రాశానా?"

"బిబిసారా. తల్లి," అని చదివింది బిబిసారా. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, చేతిమడతలోంచి రెండు కుర్త్ ఉండలు తీసి దిల్నాజ్ జేబులో కుక్కింది. "తిను తల్లీ. చిక్కిపోయావు."

ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. గొర్రెల్ని కర్రతో బాదే మొద్దువెధవలందర్నీ ముప్ఫయ్యేళ్ళుగా తిడుతూ వచ్చింది. తను చేసిన పని వాళ్ళ పనికన్నా ఏం గొప్పగా ఉందో ఎంత వెతికినా దొరకలేదు.

శనివారం పొద్దున్న గౌహర్ ఊరినుంచి బాల్జాన్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఆల్మటీ చలికి పిల్ల ముక్కు బీట్‌రూట్‌లా ఉంది.

"ఇంత చలిలో దీన్నెందుకు తెచ్చావే?"

"బుల్లి దొర గారిని చూస్తానని ఒకటే ఏడుపండీ అత్తయ్యా."

"నేనెక్కడ ఏడ్చానూ?" అంది బాల్జాన్. "నువ్వే కదమ్మా బస్సులో దారంతా ఏడ్చావు!"

గౌహర్ కూతురి పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. పిల్ల కోటు విప్పింది. చొక్కా చేతిని ఒక మడత, ఇంకో మడత, మోచేయి పైదాకా మడిచింది. అత్తగారి ముఖంలోకి చూడలేదు. పదేళ్ళ కాపురంలో ఆ కోడలు అత్తకి ఎదురుచెప్పడమంటే అదే మొదలు, నోరు విప్పకుండానే చెప్పింది. ఆ సన్నటి చెయ్యి తనకేసి చాచినట్టు కనిపించి బిబిసారా తల తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే డాక్టరు గది తలుపు తెరుచుకుంది. దిల్నాజ్ తెల్లకోటు గుండీలు విప్పుకుంటూ వస్తోంది.

"ఏమైందే?"

"రెండోసారీ కలవలేదు పెద్దమ్మా. సోమవారం నుంచి రావద్దన్నారు."

బిబిసారా ఆ పిల్ల జబ్బ పట్టుకుంది. తప్పిపోయిన గొర్రెని దొడ్లోకి ఈడ్చుకొచ్చినట్టు ఈడ్చుకుంటూ డాక్టరు గదిలోకి దూరింది.

"ఈ పిల్లనేమీ అనకు. ఏ గొట్టమూ మారలేదు. రక్తం నిజమే చెప్పింది. అబద్ధం నాది."

"ఏమంటున్నారు పెద్దమ్మా?"

"వాణ్ణి నేను కనలేదు." ఆ ఒక్క ముక్కా అనేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ గౌహర్ని చూపించింది. "అదిగో, అది కన్నది. వాడు మొదటి మనవడు. నా ఒళ్ళో వేసుకున్నాను."

రౌషన్ డాక్టరు అరచేత్తో నుదురు కొట్టుకుంది. "నా బుర్ర తగలెయ్యా! నన్నూ మా నానమ్మే పెంచింది. పదమూడేళ్ళొచ్చేదాకా మా అమ్మని వదినా అనే పిలిచాను. ఇంకెవరికి తట్టకపోయినా నాకు తట్టాలి కదా!" అని, ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచింది. "అయితే ఆ మనవరాలు?"

"వాడికి సొంత చెల్లెలు. ఒకే తల్లి, ఒకే తండ్రి."

"ఎక్కడుంది?"

"ఇదిగో," అంది గౌహర్. మడిచిన చొక్కా చేత్తో బాల్జాన్ ముందుకొచ్చింది.

"దిల్నాజ్, ముందు కోటు గుండీలు పెట్టుకో," అంది డాక్టరు. "తప్పు నాది. తీరిగ్గా కూర్చోబెట్టి తిట్టు, పడతాను. ఇప్పుడు మాత్రం దీని చెయ్యి వెచ్చబెట్టు."

బాల్జాన్ రక్తం అచ్చుగుద్దినట్టు కలిసింది. ఈ సంగతి మిరాస్‌కి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలెట్టాలి అని పెద్దవాళ్ళు కారిడార్లో గంటసేపు తర్జనభర్జన పడ్డారు. దార్ఖాన్ మెడ గోక్కున్నాడు. బిబిసారా దగ్గింది. ఈలోగా బాల్జాన్ లోపలికెళ్ళి చెప్పేసింది.

"నువ్వు బాబాయ్‌వి కాదంట. అన్నయ్యవంట."

"ఛీ పో. నేను బాబాయ్‌నే."

"నానమ్మే చెప్పింది డాక్టరుకి. నా ఎముకల్లోది నీకు కావాలంట. బాబాయ్‌వైతే ఇవ్వను. అన్నయ్యవైతే ఇస్తా."

"బాబాయ్‌నైతే ఏం?"

"బాబాయ్‌వని నీ బూట్లు నేను తీయాలి. చాయ్ తేవాలి. పండక్కి గొర్రె చెవి నువ్వే తినేస్తావు. ఇకనుంచి చెవి నాది."

మిరాస్ చాలాసేపు ఆలోచించాడు. బాబాయ్ హోదా వదులుకోవడం వాడికి సుతరామూ ఇష్టంలేదు. "చెరో చెవి," అన్నాడు చివరికి. "అయితే వదిన ఏమవుతుంది?"

"అమ్మ."

"మరి అమ్మ?"

"నానమ్మ."

తెర వెనక నిలబడి బిబిసారా ఆ మాట వింది. మిరాస్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం "నీళ్ళు" అన్నాడు, "దుప్పటి" అన్నాడు, "లైటు తియ్యి" అన్నాడు. ఎవర్నీ ఏమనీ పిలవలేదు. మర్నాడూ అంతే. వారం రోజులు ఆ నోట అమ్మా లేదు, నానమ్మా లేదు. పిలుపు లేకుండా నీళ్ళందించడం ఎంత కష్టమో బిబిసారాకి అప్పుడే తెలిసొచ్చింది.

మెత్తని మందులు మొదలుపెట్టే రోజు డాక్టరు ఇంకో మాట చెప్పింది. గాజు గదిలో పిల్లాడి పక్కన ఒక్కరే ఉండాలి, నెల రోజులు మారకూడదు. దగ్గూ పడిశం ఉన్నవాళ్ళు గడప తొక్కకూడదు.

"నాకేం దగ్గు?" అంది బిబిసారా, దగ్గుతూ.

ఎవరూ నవ్వలేదు. ఆవిడే లేచి, తన చేత్తో మిరాస్ బట్టలు సంచిలో సర్దింది. ఊలు మేజోళ్ళు, పళ్ళపొడి, ముక్కు విరిగిన బొమ్మ గుర్రం. సంచిని గౌహర్ చేతిలో పెట్టింది. "రాత్రి రెండుసార్లు లేస్తాడు. భయపడితే చెవి తమ్మె రుద్దు, పడుకుంటాడు," అంది. గౌహర్ తలూపింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నలభై రోజులు ఆవిడే రుద్దింది.

మజ్జ ఎక్కించే రోజు వచ్చింది. పొద్దున్నే బాల్జాన్‌కి మత్తిచ్చి నడుం దగ్గర ఎముకలోంచి తీశారు. మధ్యాహ్నానికి లేచి, ఆకలేస్తోందని వార్డంతా అదరగొట్టింది. ఆ అరుపులు విని బిబిసారా ప్రాణం కుదుటపడింది. పిల్లని దార్ఖాన్‌కి అప్పజెప్పి గాజు గది బయటికి పరిగెత్తింది. లోపలివాళ్ళ మాట వినడానికీ, వాళ్ళందరికీ వినిపించేలా మాట్లాడ్డానికీ గోడకి ఒక ఫోను ఉంది. దాన్ని చెవికి ఆనించుకుని నిలబడింది.

లోపల నర్సు మజ్జ సంచిని పైకెత్తి పట్టుకుంది. చూడ్డానికి మామూలు రక్తంలాగే ఉంది. "తోడున్నవాళ్ళు పిల్లాడి పేరు పైకి చెప్పాలి. చెప్పాకే తగిలిస్తాను," అంది.

గౌహర్ పెదాలు కదిలాయి. "మా బుల్లి..." అని ఆగిపోయింది.

"చీటీలో ఉన్న పేరండీ."

గౌహర్ గాజులోంచి అత్తగారికేసి చూసింది.

"చెప్పవే!" అని బిబిసారా ఫోనులో అరిచింది. కారిడార్లో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. "నీ బిడ్డ పేరు నువ్వు చెప్పడానికి నా మొహం చూస్తావేంటి? ఏ పాపమూ రాదు, వస్తే నాకొస్తుంది. చెప్పు!"

"మిరాస్," అంది గౌహర్. మొదటిసారి ఉత్త గాలే వచ్చింది. మళ్ళీ అంది. "మిరాస్."

"ఇంటిపేరు?"

గౌహర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంటిపేరులో మామగారున్నారు.

"ముసలాయన ఏమీ అనుకోడు, నేను సర్దిచెబుతాను. చెప్పేయ్!"

"తెమిరోవ్!" అని అరిచినంత పని చేసింది గౌహర్, కళ్ళు గట్టిగా మూసుకుని.

మంచంమీద మిరాస్ లేచి కూర్చున్నాడు. "వదినా! నా పేరు నీకొచ్చా?"

"వచ్చు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచీ," అంది గౌహర్.

నర్సు సంచి తగిలించింది. చుక్క చుక్కగా దిగడం మొదలైంది. మెరుపూ లేదు, ఉరుమూ లేదు. మిరాస్ కాసేపు ఆ గొట్టంకేసి చూసి, "ఇంతేనా?" అని నిరుత్సాహపడ్డాడు. తర్వాత వాడికి దాహం వేసింది. గాజువైపు, సూటిగా బిబిసారా కళ్ళలోకి చూశాడు.

"అమ్మా, నీళ్ళు," అన్నాడు.

ఎన్నాళ్ళకి! బిబిసారా ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. గౌహర్ అలవాటుకొద్దీ పక్కకి తప్పుకుని, "అత్తయ్యా, మిమ్మల్నేనండీ పిలుస్తున్నాడు," అంది.

ఆ సంగతి బిబిసారాకి తెలుసు. ఆ చూపు ఎవరికో ఆవిడకి కాకపోతే ఎవరికి తెలుస్తుంది? అయినా ఫోనులో గదమాయించింది. "చెవుడేమిటే నీకు? ఈ గాజులోంచి నేను నీళ్ళెలా పొయ్యను? లోపలున్నది నువ్వు. నిన్నే పిలిచాడు, పలుకు."

"వచ్చా నాన్నా," అంటూ గౌహర్ గ్లాసు అందుకుంది.

మిరాస్ నీళ్ళు తాగుతూ, గ్లాసు అంచు మీదినుంచి ఒకసారి ఈవిణ్ణీ ఒకసారి ఆవిణ్ణీ చూశాడు. గ్లాసు ఖాళీ చేసి గౌహర్ చేతికే ఇచ్చాడు.

బిబిసారా ఫోను గోడకి తగిలించింది. పక్కన తన వంతు కోసం నిలబడ్డ ఒకావిడ లోపలికి తొంగిచూసి, "మీ అబ్బాయా అమ్మా?" అని అడిగింది.

"ఆఁ, నా..." అని బిబిసారా దగ్గింది. కాస్త ఎక్కువసేపే దగ్గింది. తర్వాత తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంది.

"మనవడు," అంది. "ఆ పక్కనున్నది వాళ్ళమ్మ."

అని, చేతిమడతలో మిగిలిన కుర్త్ ఉండ ఒకటి తీసి ఆవిడకి పెట్టి, ఇంకోటి తను నోట్లో వేసుకుని, బాల్జాన్ గోల వినిపిస్తున్న వైపు నడిచింది.